పేరుకు అర్థం వెతికే ముందు

చి.సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన పేర్ల జాబితా అందింది. పుట్టబోయే బిడ్డకు ఏ దేశపు పేరైనా ఫర్వాలేదు, పలకడానికి హాయిగా ఉండాలి, అర్థం మంచిదై ఉండాలి అన్నావు. ఇద్దరూ కూర్చుని పేర్లు బాగానే ఏరారు. వాటి పక్కన రాసిన అర్థాలు మాత్రం చాలావరకు నమ్మబుద్ధి కాలేదు. అది నీ తప్పు కాదులే. ఇలాంటి జాబితాలన్నీ ఒకదాన్ని చూసి ఇంకొకటి ఎక్కించుకున్నవే. ఒకచోట దొర్లిన పొరపాటు పది చోట్ల కనిపించేసరికి నిజమైపోతుంది. నా ఉద్యోగ జీవితమంతా నిఘంటువులతోనే గడిచింది కాబట్టి, ఒక పేరును ఎలా పరీక్షించుకోవాలో నాకు తెలిసినంత రాస్తాను. ఓపికగా చదువు.

ముందు కియారా సంగతి చూద్దాం. 'వెలుగు' అని రాశావు. ఇటాలియన్‌లో కియారా అనే పేరుంది. అది లాటిన్ 'క్లారా' నుంచి వచ్చింది కాబట్టి ఆ అర్థం సరైనదే. ఐర్లాండులో 'కీరా' అని ఇంకో పేరుంది. అది ఐరిష్ భాషలో నలుపును చెప్పే మాట నుంచి పుట్టింది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కనుక జాబితాల్లో కలిసిపోయాయి. ఒకచోట వెలుగు అంటారు, ఇంకోచోట చీకటి అంటారు. రెండూ మంచి పేర్లే. కానీ పెడుతున్నది ఏదో పెట్టేవాళ్లకు తెలియాలి కదా.

అందుకని పేరు కనబడగానే అర్థం కోసం పరిగెత్తకు. ముందు అది ఏ భాషదో తేల్చు. మాయ అనే పేరు సంస్కృతంలో ఉంది. గ్రీకు పురాణాల్లో మాయా అంటే హెర్మీస్ అనే దేవుడి తల్లి. ఈనాటి హీబ్రూలో అదే పేరును నీటిని చెప్పే మాటతో కలిపి చూస్తారు. శీలకు సంస్కృతంలో మంచి నడవడి అని అర్థం. ఐర్లాండు నుంచి వచ్చిన షీలా వేరు, అది సిసీలియా అనే రోమన్ పేరుకు అక్కడి రూపం. ఈ పేర్లకు చుట్టరికం ఏమీ లేదు, శబ్దం కలిసిందంతే. ఒకే పేరు పక్కన మూడు భాషలు రాసి, మూడింటికీ కలిపి ఒకే అర్థం ఇచ్చిన జాబితా కనబడితే దాన్ని అక్కడే వదిలెయ్.

భాష తేలాక రెండో ప్రశ్న: ఈ పేరు ఎప్పటినుంచి ఉంది? నీ జాబితాలో వెనెస్సా పక్కన 'గ్రీకు భాషలో సీతాకోకచిలుక' అని ఉంది. ఆ పేరును కల్పించినవాడు గలివర్ యాత్రలు రాసిన జొనాథన్ స్విఫ్ట్. 18వ శతాబ్దం మొదట్లో తన స్నేహితురాలు ఎస్తర్ వానమ్రీ ఇంటిపేరులోంచి ఒక ముక్క, ఎస్తర్ అనే పేరులోంచి ఒక ముక్క తీసి కలిపాడు. సీతాకోకచిలుకల్లో ఒక ప్రజాతికి ఫాబ్రిసియస్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టింది 1807లో. అంటే పేరు ముందు పుట్టింది, సీతాకోకచిలుక ఆ తర్వాత వచ్చింది. జాబితా రాసినవాళ్లు వరస తిరగేశారు. నన్నడిగితే ఆ కల్పిత అర్థం కంటే ఈ అసలు కథే బాగుంది.

పాత పేర్ల విషయంలో ఇంకో చిక్కుంది. అవి ఒక భాష నుంచి ఇంకో భాషకు వెళ్తూ గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. హీబ్రూలో యోహానాన్ అంటే 'యెహోవా దయగలవాడు' అని. అది గ్రీకు, లాటిన్ మీదుగా వెళ్లి ఇంగ్లండులో జాన్, ఫ్రాన్స్‌లో ఝాన్, స్పెయిన్‌లో హువాన్, ఇటలీలో జొవాన్ని, రష్యాలో ఇవాన్, ఐర్లాండులో షాన్, స్కాట్లండులో ఇయన్ అయింది. ఖురాన్‌లోని యహ్యా అంటే బైబిల్‌లో బాప్తిస్మమిచ్చే యోహానే. ఇంగ్లిష్‌లో జేకబ్, జేమ్స్ వేరువేరు పేర్లలా కనిపిస్తాయి కానీ రెండూ ఒకే హీబ్రూ పేరు నుంచి వచ్చినవి, లాటిన్‌లో ఉచ్చారణ చీలి రెండయ్యాయి. కాబట్టి ఇవాన్‌కు రష్యన్ భాషలో అర్థం వెతికితే ఏమీ దొరకదు. పేరు పుట్టింటికి వెళ్లి అడగాలి.

ఇక పేరును ఎలా కట్టారన్నది చూడాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువ రాసినా విసుక్కోకు. ఒక్కో భాషకు పేర్లు అల్లడంలో ఒక్కో పద్ధతి ఉంది. జర్మన్, ఇంగ్లిష్ జాతుల పాత పేర్లు సాధారణంగా రెండు ముక్కల జోడింపు. విలియంలో ఒక ముక్క సంకల్పం, రెండోది శిరస్త్రాణం. ఫ్రెడరిక్‌లో శాంతి ఒకటి, అధికారం ఒకటి. ఈ రెంటినీ కలిపి ఒక వాక్యం చెయ్యాలని జాబితాలవాళ్లు అవస్థపడతారు కానీ, ఆ కాలం వాళ్లు అర్థం కుదరాలని ఎప్పుడూ పట్టుబట్టలేదు. హిల్డెగుండ్ అనే పేరులో రెండు ముక్కలకూ యుద్ధమనే అర్థం! తల్లిదండ్రుల పేర్లలోంచి చెరో ముక్క తీసి బిడ్డకు పెట్టడమూ అప్పటినుంచే ఉంది. 1095లో చనిపోయిన వూస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టాన్ తండ్రి పేరు ఎథెల్‌స్టాన్, తల్లి పేరు వుల్ఫ్‌గిఫు. నువ్వూ మీ ఆయనా మీ పేర్లు కలిపి కొత్త పేరు చేద్దామా అని అనుకున్నారట కదా. మీకు వెయ్యేళ్ల నాటి తోడు దొరికింది.

అరబిక్ పేర్లు మూడు హల్లుల ధాతువు మీద నిలబడతాయి. హ-మ-ద అంటే పొగడ్త. ముహమ్మద్, అహ్మద్, మహమూద్, హామిద్ అన్నీ అందులోంచి వచ్చినవే. ధాతువు పట్టుకుంటే ఒక్క పేరుతో పది పేర్ల అర్థం తెలుస్తుంది. అయితే కొన్ని పేర్లను మధ్యలో తెంపకూడదు. అబ్దుల్ రహమాన్ అంటే దయామయుడి సేవకుడు. ఒట్టి 'అబ్దుల్' దగ్గర ఆపితే ఎవరి సేవకుడో చెప్పకుండా వదిలేసినట్టు. ఇథియోపియాలోనూ అంతే. హైలె సెలాసీ అంటే త్రిత్వపు శక్తి, రెండు మాటలూ కలిస్తేనే పేరు. ముద్దుగా ఉందని సగం పేరు తెంపుకొచ్చి బిడ్డకు పెట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

కొన్ని పేర్లు నిండు వాక్యాలు. మైఖేల్ అంటే హీబ్రూలో ఒక ప్రశ్న: 'దేవుడిలాంటివాడు ఎవడు?' జాబితాల్లో మాత్రం 'దేవుడిలాంటివాడు' అని రాసేస్తారు. అర్థం పూర్తిగా తలకిందులైంది చూడు. నైజీరియాలోని యొరుబా జనం తాతగారు పోయాక పుట్టిన మగపిల్లాడికి బాబాతుందే అని పెడతారు, 'తండ్రి తిరిగొచ్చాడు' అని. ఆడపిల్లయితే యెతుందే, 'తల్లి తిరిగొచ్చింది' అని.

ఇక్కడే నీకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కొన్ని సంస్కృతుల్లో పేరంటే ఒక సమాచారం. బిడ్డ ఎప్పుడు, ఎన్నోవాడుగా, ఎలా పుట్టాడో చెబుతుంది. ఘనాలోని అకాన్ జనంలో శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ, శనివారమైతే క్వామే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అట్టా అన్నన్ 1938 ఏప్రిల్ 8న పుట్టాడు. అది శుక్రవారమే. అట్టా అంటే కవల అని, ఆయనతోపాటు ఒక సోదరి పుట్టింది. బాలిలో మొదటి బిడ్డ వాయాన్, రెండో బిడ్డ మాదే, మూడో బిడ్డ న్యోమాన్, నాలుగో బిడ్డ కెతుత్. ఐదో బిడ్డకు మళ్లీ వాయాన్ నుంచి మొదలు. యొరుబాలో కవలల్లో ముందు బయటికొచ్చినవాడు తాయివో, వెనకొచ్చినవాడు కెహిందే. విచిత్రం ఏమిటంటే వాళ్ల లెక్కలో పెద్దవాడు కెహిందేనే. లోకం ఎలా ఉందో చూసి రమ్మని తమ్ముణ్ని ముందు పంపాడట.

నీ జాబితాలో కోఫీ ఉంది. బిడ్డ మంగళవారం పుడితే ఏం చేస్తావు? ఒక ఘనా మనిషి ఎదురైతే 'శుక్రవారం పుట్టావా?' అని అడుగుతాడు, వాడేం చెప్పాలి? ఇలాంటి పేర్లను శబ్దం బాగుందని అరువు తెచ్చుకోవద్దని నా అభిప్రాయం. మంగోలియాలో నెర్‌గుయ్ అనే పేరు ఉంది, 'పేరు లేదు' అని అర్థం. ఎనెబిష్ అంటే 'ఇది కాదు'. దుష్టశక్తుల కన్ను బిడ్డ మీద పడకుండా, దారి తప్పించడానికి పెట్టే పేర్లు ఇవి. ఆ భయం, ఆ ప్రేమ తెలియకుండా అర్థం మాత్రమే చదివితే వింతగా అనిపిస్తాయి. అలాగని పేరులో అంకె ఉన్నంత మాత్రాన అది వరస సంఖ్య కానక్కర్లేదు. రోమన్ల ఆక్టేవియాలో ఎనిమిది ఉంది కానీ, అగస్టస్ చక్రవర్తి అక్కకు ఆ పేరు వంశం నుంచి వచ్చింది, ఎనిమిదో సంతానమని కాదు.

చైనా, జపాన్ పేర్లకు అర్థం రాసే అక్షరంలో ఉంటుంది. జపనీస్‌లో 'యుకి' అని పలికే పేరును మంచు అనే అక్షరంతో రాయొచ్చు, సంతోషమనే అక్షరంతోనూ రాయొచ్చు. అక్షరం చూపించకుండా అర్థం చెప్పే జాబితా ఊహించి చెబుతున్నట్టే లెక్క. చైనాలో ఒక తరం వాళ్లందరికీ పేరులో ఒక అక్షరం ఉమ్మడిగా పెట్టే ఆచారం ఉంది. మావో జెడాంగ్ తమ్ముళ్లు జెమిన్, జెటాన్. ఆ 'జె' తరం గుర్తు.

నువ్వు సంస్కృతం చదువుకున్నావు కదా, నీకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. పర్షియా చక్రవర్తి డరయస్ అసలు పేరు పాత పారశీకంలో 'దారయవహు', మంచిని నిలిపేవాడు. 'ధారయ', 'వసు' అని మనసులో అనుకుని చూడు, చుట్టరికం కనిపిస్తుంది. 2016లో చనిపోయిన థాయ్‌లాండ్ రాజు పేరును 'భూమిబల' అని రాసి 'ఫూమిఫోన్' అని పలికేవారు. ఇండోనేషియా తొలి అధ్యక్షుడు సుకర్ణోకు పుట్టినప్పటి పేరు కుస్నో. చిన్నప్పుడు తరచూ జబ్బుపడుతున్నాడని పేరు మార్చారు, భారతంలోని కర్ణుణ్ని తలచుకుని. ఇలాంటివి తవ్వుకుంటూ పోతే సాయంత్రాలు ఎలా గడుస్తాయో తెలియదు.

అర్థమే ముఖ్యం అనుకుంటే వెనకనుంచి రా. ముందు భావం ఎంచుకో, తర్వాత భాషలు వెతుకు. దేవుడిచ్చిన బిడ్డ అనే భావమే తీసుకుంటే దేవదత్త, గ్రీకులో థియొడోర్, అవే ముక్కలు తిరగేస్తే డొరొథియా, హీబ్రూలో నథానియేల్, స్లావిక్ భాషల్లో బొగ్దాన్, పారశీకంలో ఖుదాదాద్, అరబిక్‌లో అతావుల్లా, చైనీస్‌లో తియాన్‌త్స్ దొరుకుతాయి. ఇన్ని భాషల్లో ఒకే మాట నిలిచిన పేరును తప్పుడు జాబితా కూడా పాడు చెయ్యలేదు.

అర్థం బాగాలేదని కొన్ని పేర్లు కొట్టేశావు. క్లాడియా అంటే కుంటి, సిసీలియా అంటే గుడ్డి అనే లాటిన్ మాటలతో ముడిపడ్డవే, ఒప్పుకుంటాను. కానీ ఆ పేర్లు శతాబ్దాలుగా జనం ఇష్టంగా పెట్టుకున్నవి. వినేవాళ్లకు గుర్తొచ్చేది ఆ పేరున్న మనుషులు. మేరీ సంగతే చూడు. దాని మూలమైన మిర్యామ్‌కు చేదు అని కొందరు, ప్రియమైనది అని కొందరు, ఇంకా రకరకాలుగా చెబుతారు, పండితుల మధ్య ఇప్పటికీ తేలలేదు. అర్థం తేలకపోయినా ఆ పేరుకు వచ్చిన లోటేమీ లేదు. మంచి నిఘంటువును పట్టుకునే గుర్తు కూడా ఇదే: తేలనిచోట తేలలేదని రాస్తుంది. ప్రతి పేరుకూ తియ్యటి అర్థమే చెప్పేదాన్ని నమ్మకు.

చివరి వడపోత బతికున్న మనుషుల దగ్గర చెయ్యాలి. ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లను ఒకరినో ఇద్దరినో పట్టుకుని, ఈ పేరు ఇప్పుడు పెడుతున్నారా, ముసలివాళ్ల పేరులా ఉందా, ఆడా మగా అని అడుగు. నికిత భారతదేశంలో ఆడపిల్ల పేరు, రష్యాలో మగవాడి పేరు. సోవియట్ నాయకుడు నికితా కృశ్చేవ్ గుర్తున్నాడు కదా. ఆంద్రేయా ఇటలీలో మగవాడు, జర్మనీలో ఆడమనిషి. కళ అనే పేరు ఫిన్లాండువాళ్ల చెవికి చేపలా వినిపిస్తుంది, హరి అంటే మలయ్ భాషలో రోజు. ఇవేమీ ప్రమాదాలు కావు, ముందే తెలిస్తే నవ్వుకోవచ్చు. అడగడానికి మొహమాటపడకు, తమ పేర్ల గురించి అడిగితే ఎవరైనా సంతోషంగా చెబుతారు.

మీరు ఉద్యోగరీత్యా ఏ దేశం వెళ్లి స్థిరపడతారో కూడా ఆలోచించండి. ఐస్‌లాండులో కొత్త పేరు పెట్టాలంటే పేర్ల కమిటీ ఒప్పుకోవాలి, వాళ్ల వ్యాకరణంలో విభక్తి ప్రత్యయం అతకాలి. జపాన్‌లో పేర్లకు వాడదగిన చైనా అక్షరాలు దాదాపు 3,000 మాత్రమే. స్పెల్లింగ్ విషయం ముందే ఇద్దరూ తేల్చుకోండి, జనన ధ్రువపత్రంలో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే తర్వాత టెన్షన్ మీకే.

ఇప్పుడు నీ జాబితాలోంచి నిజంగా నచ్చిన నాలుగైదు పేర్లు మాత్రం ఉంచి, ఒక్కోదాని పక్కన భాష, ఎక్కడ చూశావు, ఆ భాష వాళ్లు ఏమన్నారు అన్నది రాసి మళ్లీ పంపు. మీ ఆయనకు నచ్చినవి కూడా అందులో ఉండాలి సుమా. నేను నిఘంటువులు తీసి చూసి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య