ఫ్లాగ్ పడిన గేమ్ గురించి

చిన్నా,

చదరంగం పోటీలో ఏనుగు ఎక్కువ ఉండి కూడా 38వ ఎత్తు దగ్గర టైమ్ అయిపోయి, అంటే ఫ్లాగ్ పడి, ఓడావట, మీ అమ్మ చెప్పింది. అంతకుముందు ఎదుటివాడు ఎత్తు వేసి క్లాక్ నొక్కడం మర్చిపోతే, అతని టైమ్ కరిగిపోతుంటే, నువ్వే గుర్తు చేశావట. "అనవసరంగా చెప్పాను బాబాయ్" అన్నావు ఫోన్లో. ఆ మాట నాకు నచ్చలేదు, అందుకే ఈ ఉత్తరం.

వ్లాస్టిమిల్ హోర్ట్ అని చెక్ గ్రాండ్‌మాస్టర్. 1944లో క్లాద్నోలో పుట్టాడు, 21 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. 1977లో ఐస్‌లాండ్‌లోని రెయిక్యావిక్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ స్పాస్కీతో క్యాండిడేట్స్ మ్యాచ్, అంటే ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు ఆడాలో తేల్చే పోటీల్లో ఒకటి. మధ్యలో స్పాస్కీకి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. గేమ్ వాయిదా వేసుకోడానికి ఒక్కొక్కరికి కొన్ని రోజులే ఉంటాయి, అవి అయిపోతే మ్యాచ్ పోయినట్టే. హోర్ట్ తనకున్న వాయిదా రోజులు కూడా అతని కోసం వాడేశాడు. ఆ ఏడాదే ఐస్‌లాండ్‌లో 550 మందితో ఆడి పది గేమ్‌లే ఓడాడు! అలాంటి మనిషి, మ్యాచ్ మళ్ళీ మొదలయ్యాక, 15వ గేమ్‌లో గెలిచే పొజిషన్‌లో ఆలోచిస్తూ కూర్చుని ఫ్లాగ్ పడేసుకున్నాడు. చివరికి మ్యాచ్ 8.5-7.5తో పోయింది.

ఈ కథ విని "మంచితనానికి పోతే ఇంతే" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. రోజులు ఇచ్చినందుకు కాదు ఓడింది, క్లాక్ చూసుకోనందుకు. నువ్వూ అంతే. ఆ రెండూ కలిపి ఒకే ఖాతాలో రాయకు.

మా రోజుల్లో ముల్లు క్లాక్‌లు. నిమిషాల ముల్లు పన్నెండుకు దగ్గరౌతుంటే చిన్న ఎర్ర జెండాని మెల్లగా పైకి లేపేది. అది లేచిందంటే గుండె దడ, పడిందంటే టైమ్ అయిపోయినట్టే. మీ డిజిటల్ క్లాక్‌లో ఆ ఎర్ర జెండా లేదు, ఎత్తుకి 30 సెకన్లు కలుస్తాయిలే అన్న ధీమా వేరే. కాబట్టి ఆ జెండా నువ్వే పెట్టుకోవాలి. ప్రతి ఐదు ఎత్తులకోసారి స్కోర్‌షీట్‌లో, అదే ఎత్తులు రాసుకునే కాగితంలో, ఎత్తు పక్కనే మిగిలిన నిమిషాలు రాసుకో. రూల్స్ ఒప్పుకుంటాయి, ఆర్బిటర్ (పోటీ అంపైర్) ఏమీ అనడు. పది నిమిషాల్లోపు పడిందా, ఇక అందమైన గెలుపు వెతకొద్దు. మంత్రులు మార్చుకునే వీలుంటే మార్చెయ్, రాజుని భద్రంగా పెట్టు, బంటుని తోసుకుంటూ పో. గెలుపు కనిపించగానే మనం ఇంకా మంచిది వెతుకుతాం, టైమంతా అక్కడే కరిగిపోతుంది. నా సొంత గేమ్‌లు తీసి చూసుకుంటే సగం టైమ్ ట్రబుల్స్ అలా వచ్చినవే. ఓపెనింగ్‌లో తెలిసిన ఎత్తులకి కూడా నువ్వు తల పట్టుకుని కూర్చుంటావు, అది వేరే జబ్బు, ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్తాను.

హోర్ట్ ఆ మ్యాచ్‌తో ఆగిపోలేదు. తర్వాత పశ్చిమ జర్మనీ వెళ్ళిపోయి అక్కడా ఛాంపియన్ అయ్యాడు. 2025లో పోయేదాకా చదరంగంతోనే ఉన్నాడు.

ఆదివారం వచ్చేటప్పుడు ఆ స్కోర్‌షీట్ పట్టుకురా, చింపకుండా.

మీ బాబాయ్