గుర్తు ఏ రకమో తేల్చాలంటే ముందు దేనికి గుర్తో అడగాలి

ఐకాన్, ఇండెక్స్, సింబల్ నిర్వచనాలు చదివినా ఏ గుర్తును ఏ గంపలో వేయాలో తేలడం లేదని, ముఖ్యంగా ఫోటో దగ్గర ఆగిపోయానని రాశారు. ఆ గంపలతోనే వచ్చింది చిక్కు. అమెరికా తాత్త్వికుడు చార్లెస్ శాండర్స్ పర్స్ (1839–1914) వేరుచేసి చూపినవి గుర్తుకూ, అది సూచించేదానికీ మధ్య ఉండే సంబంధాలు: పోలిక (ఐకాన్), భౌతికమైన ముడి (ఇండెక్స్), నలుగురూ పాటించే ఒప్పందం (సింబల్). ఒకే గుర్తులో ఇవి రెండు మూడు కలిసి ఉండవచ్చు.

నేను ఉపాధ్యాయుణ్ణి, ఎన్నికల విధులు నాకు తప్పవు. పోలింగ్ కేంద్రంలో ఈ మూడు సంబంధాలూ ఒకే గదిలో కనిపిస్తాయి.

ఓటింగ్ యంత్రం మీది సైకిల్ బొమ్మనే తీసుకోండి. సైకిల్‌కు అది ఐకాన్, ఎందుకంటే చూడగానే పోలిక తెలుస్తుంది. పార్టీకి మాత్రం అది సింబల్. ఇక్కడ తెలుగుదేశానిదైన సైకిల్ ఉత్తరప్రదేశ్‌లో సమాజ్‌వాదీ పార్టీది. తొలి సార్వత్రిక ఎన్నికల్లో కాంగ్రెస్ గుర్తు కాడెద్దులు, చెయ్యి అప్పట్లో వేరే పార్టీది. బొమ్మ మారకుండానే అర్థం చేతులు మారిందంటే, అక్కడ పని చేసింది ఒప్పందమే.

అలాగని పోలికకు విలువ లేదనుకోకండి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రోడ్డు రోలర్ వంటి గుర్తులు తమ కారును పోలి ఉన్నాయని టీఆర్‌ఎస్ అభ్యంతరం చెప్పింది. కంటి చూపు మందగించిన పెద్దవాళ్లు బటన్ల ముందు తడుముకోవడం చూసినవాళ్లకు అది చిన్న విషయంగా తోచదు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది సిరా. రెండో పోలింగ్ అధికారిగా కూర్చుంటే ఎడమ చూపుడు వేలికి దాన్ని పెట్టడం నా పని. అందులోని సిల్వర్ నైట్రేట్ వెలుగు తగిలి నల్లబడి, చర్మానికి పట్టేస్తుంది. ఇండెక్స్‌కు ఉదాహరణగా పుస్తకాల్లో నిప్పును సూచించే పొగను చూపిస్తారు, నేనైతే ఈ మచ్చను చూపిస్తాను. కానీ ఒక మెలిక ఉంది. సిరా పెట్టేది బటన్ నొక్కక ముందే. రిజిస్టరులో సంతకం చేసి, సిరా పెట్టించుకున్నాక కూడా ఓటు వేయనని వెనుదిరిగే వీలు నిబంధనల్లో ఉంది. కాబట్టి ఆ మచ్చ నిజంగా రుజువు చేసేది వేలికి సిరా తగిలిందని మాత్రమే. ‘ఈయన ఓటు వేశాడు’ అని చదువుకోవడం మళ్లీ ఒప్పందమే.

సంతకం చేయలేనివారు అదే రిజిస్టరులో వేలిముద్ర వేస్తారు. వేలు ఒత్తితేనే పడుతుంది కనుక అది ఇండెక్స్. వేలి గీతలనే చూపుతుంది కనుక ఐకాన్ కూడా. మీరడిగిన ఫోటోదీ ఇదే తీరు. వస్తువు నుంచి వచ్చిన వెలుగు నమోదైతేనే అది ఫోటో, అందుకే మొదట ఇండెక్స్. పోలిక ఆ ముడి వల్లే వచ్చింది. చేత్తో గీసిన చిత్రానికి పోలిక ఉంటుంది కానీ ఆ ముడి ఉండదు. కృత్రిమ మేధతో తయారైన ‘ఫోటో’ను నేను ఆ చిత్రం పక్కనే పెడతాను.