సమాధానం: షిఫ్టుల పట్టికలో ఎప్పుడూ కొందరికే నష్టం జరుగుతుంటే

12 మంది ఉన్న కస్టమర్ సర్వీస్ టీమ్‌లో పండగ సెలవులు, పసిపిల్లలున్నవాళ్ల వేళలు, సాయంత్రం పెరిగే కాల్స్ ఒకదానికొకటి అడ్డొస్తున్నాయని, ‘ముందు అడిగినవారికే సెలవు’ అని పెట్టినా గొడవలు ఆగట్లేదని రాశారు. చిక్కు ఆ నియమంలోనే ఉందండి. క్రిస్మస్ తేదీ మారదు, కాబట్టి ఎంత ముందైనా అడగొచ్చు. రంజాన్ పండగ ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది, చాలాచోట్ల నెలవంక కనిపించాకే ఖాయమవుతుంది. అలాంటివాటికి రెండు రోజులు కలిపి ఖాళీగా ఉంచి, తేదీ తేలాక ఒకటి వదిలేయండి.

ముందుగా, గడిచిన నాలుగు వారాల కాల్స్‌ని గంటలవారీగా లెక్కగట్టండి. ఒకరు గంటకు 8 కాల్స్ చూడగలిగితే, 32 కాల్స్ వచ్చే గంటకు నలుగురు చాలరు. కాల్స్ సమానంగా రావు, గుంపుగా వస్తాయి. కనీసం ఐదుగురు కావాలి. ఆ కనీస సంఖ్య మీద బేరం పెట్టుకోవద్దు.

తర్వాత ఎవరికీ ఇష్టంలేని షిఫ్టులకు పాయింట్లు పెట్టండి: సాయంత్రానికి 1, వారాంతానికి 2, పండగ రోజుకు 3. పాయింట్లు తక్కువున్నవారికే తర్వాతి కష్టమైన షిఫ్టు. పార్ట్‌టైమ్ వాళ్లకు పనిగంటల నిష్పత్తిలో లెక్కించాలి, లేకపోతే వాళ్లే నలిగిపోతారు.

సెలవుకు కారణం అడగకండి, ఏ వేళ కుదరదో మాత్రమే అడగండి. కారణాలు తూచడం మొదలుపెడితే పిల్లలు లేనివాళ్ల మీదే భారమంతా పడుతుంది. షిఫ్టుల మార్పిడి ఇద్దరి రాతపూర్వక ఒప్పుకోలుతోనే జరగాలి, రెండు షిఫ్టుల మధ్య 11 గంటల విశ్రాంతి తగ్గకూడదు.