ఫీజు కట్టేముందు ఆ తొమ్మిది లక్షలను పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 49. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. చేతికి నెలకు 1.35 లక్షలు వస్తుంది. ఎనిమిదో తరగతి చదువుతున్న అబ్బాయి ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 75 వేలు. పదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్న మా అమ్మాయికి అమెరికాలో, పెన్సిల్వేనియాలోని ఒక లిబరల్ ఆర్ట్స్ కళాశాలలో మ్యూజిక్ బిజినెస్ డిగ్రీకి సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ పోను మేము ఏడాదికి 32 వేల డాలర్ల చొప్పున నాలుగేళ్లు కట్టాలి. ఇల్లు తాకట్టు పెట్టి 60 లక్షల విద్యారుణం, పీఎఫ్ నుంచి 18 లక్షలు, బంగారం మీద 13 లక్షలు తీసుకుని, 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా వాడదామనుకుంటున్నాం. మిగతా 15 లక్షలు తెలిసినవారు నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? నా పేరిట 5 లక్షల ఎల్ఐసీ పాలసీ, ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఉన్నాయి.

జవాబు: తీసుకోవద్దు. మీరు అడిగింది ఆ 15 లక్షల గురించే అయినా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 9 లక్షల డిపాజిట్. పిల్లలను విదేశాలకు పంపే తల్లిదండ్రులు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. వీసా కోసం కళాశాల ఇచ్చే ఐ-20 పత్రంలో రాసిన మొదటి ఏడాది మొత్తాన్ని కూడగట్టడమే గండం గట్టెక్కడమని భావించి, ఉన్న ప్రతి ఖాతానూ అందులోకి ఊడ్చేస్తున్నారు. వీసా చేతికొచ్చే రోజుకు ఇంట్లో అత్యవసర నిధి అంటూ ఒక్క రూపాయి మిగలడం లేదు. అసలు ఖర్చులు మొదలయ్యేది ఆ రోజు నుంచే.

ముందు మీ లెక్కనే చూద్దాం. డాలరు 90 రూపాయలనుకుంటే ఏడాదికి 28.8 లక్షలు, నాలుగేళ్లకు కోటీ 15 లక్షలు. మీరు చెప్పిన ఐదు మార్గాలూ కలిపితే సరిగ్గా అంతే వస్తుంది, పైసా మిగలదు. డాలరు ఒక్క రూపాయి పెరిగితే మీకు ఏడాదికి 32 వేల రూపాయల భారం పెరుగుతుంది. కళాశాలలు ఫీజును ఏటా పెంచుతాయి, స్కాలర్‌షిప్‌ను మాత్రం చాలా చోట్ల అదే మొత్తం దగ్గర ఉంచుతాయి. ఇంత బిగుతుగా వేసిన లెక్క రెండో ఏటికే తప్పుతుంది.

ఇక రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి 18 శాతం. 15 లక్షలకు నెలకు 22,500, నాలుగేళ్లకు 10.8 లక్షలు కట్టినా అసలు అలాగే ఉంటుంది. మూడేళ్లు కాగానే ప్రామిసరీ నోటు తిరగరాయమంటారు, అప్పటికి వడ్డీ బాకీ ఉంటే అదీ అసలులో కలుస్తుంది. బ్యాంకు రుణం వడ్డీ 10.5 శాతం అనుకుంటే, ఏటా 15 లక్షల చొప్పున తీసుకున్నా నాలుగో ఏట దాని వడ్డీయే నెలకు 52,500 అవుతుంది. ఈ రెండూ కలిపి 75 వేలు, బంగారం మీద వడ్డీ వేరు. మీకు నెలకు మిగిలేది 60 వేలు. ఈ సంగతి తెలిసి కూడా పరిచయస్తులకు నోటు రాసివ్వడం సాహసం కాదు, కుటుంబాన్ని తెలిసి తెలిసి ఊబిలోకి దించడం. ఈ మాట కటువుగా ఉందని తెలుసు, అయినా దీన్ని మెత్తగా చెప్పలేను.

అమ్మాయి ఎంచుకున్న చదువు మీద నాకు చిన్నచూపు లేదు. ఒక పాటలో సాహిత్యానికి, బాణీకి ఉన్న హక్కు వేరని, రికార్డింగుకు ఉన్న హక్కు వేరని, వాటి మీద వచ్చే సొమ్ము వేర్వేరు దారుల్లో చేరుతుందని పద్ధతిగా నేర్పే చదువు అది. అమెరికాలో 1914లో పుట్టిన ఆస్కాప్, 1939లో పుట్టిన బీఎంఐ అనే సంస్థలు పాటల రచయితలు, స్వరకర్తల తరఫున చేసే ఆ వసూళ్ల మీదే నడుస్తున్నాయి. మన దేశంలోనూ 2012 కాపీరైట్ చట్ట సవరణతో సినిమా పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో సగం వాటా వదులుకోవడానికి వీల్లేని హక్కు అయింది. ఆ లెక్కలు, ఒప్పందాలు చదవగలిగినవారు హైదరాబాదులోనూ కావాలి. అయితే ఆ రంగంలో డబ్బు నెలజీతంలా రాదు. రాయల్టీలు నెలల తరబడి ఆలస్యంగా పంపిణీ అవుతాయి, కొత్తగా చేరినవారికి చాలాసార్లు దొరికేవి జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు, కచేరీకి ఇంత అని ఇచ్చే పనులు. 2020 మార్చిలో కొవిడ్‌తో ప్రపంచమంతటా కచేరీలు ఒక్కసారిగా ఆగినప్పుడు వేదికల మీద, పర్యటనల మీద ఆధారపడ్డవారి ఆదాయం వారాల వ్యవధిలో సున్నా అయింది.

మీ బంధువుల పిల్లలు ఎమ్మెస్ చేసి మూడేళ్లు ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసుకునే తాత్కాలిక అనుమతి) మీద పనిచేసి అప్పు తీర్చి ఉండవచ్చు. వారిది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు కాబట్టి 12 నెలలకు తోడు మరో 24 నెలలు దొరికాయి. మ్యూజిక్ బిజినెస్ స్టెమ్ కిందకు రాదు, మీ అమ్మాయికి ఉండేది 12 నెలలే. ఆ తరువాత హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ. చదువుకునే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలకు మించకూడదు, అది చేతిఖర్చుకే సరిపోతుంది. కనుక అప్పు తీర్చేది ఆమె జీతమని కాక, మీ జీతమని అనుకునే లెక్క వేయాలి. చదువు నాలుగేళ్లు, తరువాతి ఏడాది మారటోరియం (వాయిదాలు కట్టనక్కర లేని గడువు) ముగిసేసరికి 60 లక్షల రుణానికి 22 లక్షల వడ్డీ చేరి 82 లక్షలవుతుంది. పదిహేనేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 91 వేలు. అప్పటికి మీకు 54 ఏళ్లు. వడ్డీని మొదటి నెల నుంచీ కట్టుకుంటూ వస్తే ఆ వాయిదా 66 వేల దగ్గర ఆగుతుంది. మీ దగ్గర నెలకు మిగిలే 60 వేలు ఇందుకే ఉండాలి.

ఇప్పుడు ఆ 9 లక్షలు. ఇందులో 4.5 లక్షలు మీ ఇంటి ఆరు నెలల ఖర్చు. 1.5 లక్షలు, రెండో ఏట నెలకు 26 వేలు దాటే బ్యాంకు వడ్డీకి దాదాపు ఆరు నెలల భరోసా. మిగిలిన 3 లక్షలు అమ్మాయివి: తిరుగు టికెట్, రెండు నెలల బస, తిండి. 2020లో కళాశాలలు హాస్టళ్లు ఖాళీ చేయమన్నప్పుడు, మార్చి చివరి వారానికి మన దేశానికి విమానాలు నిలిచిపోయాయి. మే నెలలో ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు మొదలైనా టికెట్ డబ్బు ప్రయాణికులే కట్టుకోవలసి వచ్చింది. అంత విపత్తు రానక్కర లేదు, ఇక్కడ మీ ఉద్యోగంలో నాలుగు నెలలు ఒడిదొడుకు వచ్చినా చాలు. కాబట్టి ఈ డిపాజిట్‌ను ఫీజు లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. మీ దంపతుల ఉమ్మడి పేరిట ఉంచండి, ఆన్‌లైన్‌లో ఎప్పుడైనా రద్దు చేసుకునే వీలు ఉండాలి. ఎక్కువ వడ్డీ ఆశతో చీటీలోకి గానీ షేర్లలోకి గానీ మార్చకండి.

రుణంలో మీరు సహరుణగ్రహీత, తాకట్టులో ఉన్నది ఇల్లు. మీకు ఏమైనా జరిగితే 5 లక్షల పాలసీ ఆ అప్పు ముందు ఏ మూలకూ రాదు. రుణ పత్రాల మీద సంతకం చేయకముందే కనీసం కోటిన్నర టర్మ్ పాలసీ, ఉద్యోగంతో సంబంధం లేని 10 లక్షల కుటుంబ ఆరోగ్య బీమా తీసుకోండి. 49 ఏళ్ల వయసులో వైద్య పరీక్షలకు సమయం పడుతుంది, ఈ వారమే దరఖాస్తు చేయండి.

పీఎఫ్ ముట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయినా, రూపాయిన్నర అప్పుకంటే అది నయం. బంగారు రుణానికి గడువు తేదీ రాసిపెట్టుకోండి. బ్యాంకు విద్యారుణంతో పంపే సొమ్ముకు టీసీఎస్ (విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) ఉండదు. విద్యారుణ వడ్డీపై పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం వంటి చోట లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ చేసి, పైచదువుకు విదేశాలకు వెళ్లే దారి కూడా ఆలోచించదగ్గదే.

డిపాజిట్‌ను, నోటు అప్పును పక్కన పెడితే నాలుగేళ్లకు 24 లక్షలు తక్కువవుతాయి, అంటే ఏడాదికి 6 లక్షలు, దాదాపు 6,700 డాలర్లు. డాలరు పెరుగుదలకు కొంత కలిపి, ఏడాదికి 8 వేల డాలర్లు అదనంగా ఇవ్వగలరా అని కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయానికి మీ జీతం, ఖర్చుల వివరాలతో ఉత్తరం రాయండి. అడిగితే తప్పుగా అనుకోరు, అక్కడ ఇది మామూలు విషయమే. వీలుకాదంటే ప్రవేశాన్ని ఒక ఏడాది వాయిదా వేస్తారేమో అడగండి. అమెరికా కళాశాలల్లో చాలావాటికి సీటు ఖాయం చేసుకోవలసిన గడువు మే 1. జవాబు అంతకుముందే వచ్చేలా ఇప్పుడే రాయండి, అది వచ్చేదాకా ఇంటి పత్రాలు బ్యాంకుకు ఇవ్వకండి.