కార్డు కొనమని రాసే ముందు

ప్రియమైన చెల్లెమ్మకు,

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. పాత డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీ 3.0 కార్డు (వేగమైన యూఎస్‌బీ పోర్టులిచ్చే చిన్న బోర్డు) తగిలించి, బయటి హార్డ్ డిస్క్‌ని వేగంగా వాడుకోవడం గురించి రాయాలన్న ఆలోచన చాలా బాగుంది. మన ఊళ్లలో ఫొటో స్టూడియోల వాళ్లు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, డీటీపీ సెంటర్ల వాళ్లు చాలామంది ఇప్పటికీ పాత సిస్టమ్‌తోనే నెట్టుకొస్తున్నారు. కొత్తది కొనుక్కోమని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఉన్నదాన్ని బాగు చేసుకునే దారి చూపించాలంటేనే ఓపిక కావాలి. నువ్వు ఆ పని ఎత్తుకున్నావు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక తప్పు సరిచెయ్యి. 'సెకనుకు 5 గిగాబైట్ల వేగం' అని రాశావు. అవి గిగాబిట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. దానికితోడు యూఎస్‌బీ 3.0లో 8 బిట్ల సమాచారం పంపడానికి తీగ మీద 10 బిట్లు వెళ్తాయి. కాబట్టి కాగితం మీద సెకనుకు 500 మెగాబైట్లు, వాడకంలో 400 చిల్లర. ఈ తేడా పట్టించుకోకపోతే, నిన్ను నమ్మి కార్డు కొన్నవాడు కాపీ అవుతున్న అంకె చూసి మోసపోయానని అనుకుంటాడు.

నీ వ్యాసంలో నాకు కనపడని అసలు సంగతి మరొకటుంది. కాలువ ఎంత వెడల్పున్నా, పొలంలోకి వచ్చే నీరు తూముని బట్టే ఉంటుంది. ఇక్కడ డిస్క్, అది కూర్చునే డబ్బా, కేబుల్, పోర్టు, కార్డు, ఆ కార్డుని గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ అన్నీ వరసగా ఉన్నాయి. వీటిలో ఏది ఇరుకో దాని వేగమే అందరికీ దక్కేది. నువ్వేమో కార్డు గురించి మూడు పేరాలు రాసి, డిస్క్ గురించి ఒక్క ముక్కా రాయలేదు.

జేబులో పట్టే మామూలు హార్డ్ డిస్క్, లోపల పళ్లెం తిరిగే రకం, సెకనుకు సుమారు 100 నుంచి 130 మెగాబైట్లు ఇస్తుంది. యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే అదే డిస్క్ 35 దగ్గర ఆగిపోతుంది. అంటే 100 గిగాబైట్ల పెళ్లి వీడియో కాపీ కావడానికి ముప్పావుగంట పైనే పడుతుంది. కార్డు పెట్టాక 120 వస్తే పద్నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఈ లెక్కతోనే వ్యాసం మొదలుపెట్టు. డెలివరీ టెన్షన్‌లో ఉన్న స్టూడియో మనిషికి గిగాబిట్ల కంటే ఆ అరగంటే ముఖ్యం.

తర్వాత స్లాట్. ఈ కార్డులు గుచ్చేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే రకం స్లాట్‌లో. దాని మొదటి తరంలో ఒక్క లేన్ (సమాచారం వెళ్లే దారి) ఉన్న చిన్న స్లాట్ సెకనుకు 250 మెగాబైట్లు, రెండో తరంలో 500 మోస్తుంది. పళ్లెం తిరిగే డిస్క్‌కి మొదటి తరమైనా సరిపోతుంది. బయట ఎస్‌ఎస్‌డీ (పళ్లెం లేకుండా చిప్పుల మీద నడిచే వేగమైన డిస్క్) పెట్టుకునేవాళ్లకి మాత్రం సగం వేగం అక్కడే పోతుంది. నాలుగు పోర్టుల కార్డైనా స్లాట్ ఒక్కటే. రెండు ఎస్‌ఎస్‌డీలు ఒకేసారి నడిపితే ఆ 500 పంచుకోవాల్సిందే. ఇంకా పాత పీసీఐ స్లాట్లలో మొత్తం కలిపి 133కి మించదు, అదీ పక్క కార్డులతో పంచుకుని. దానిలో పెట్టే కార్డు జోలికి వెళ్లొద్దని గట్టిగానే రాయి.

అసలు కార్డు అక్కర్లేని పాఠకుడు కూడా ఉంటాడు, అతని డబ్బు మిగల్చడం నీ బాధ్యత. ఇంటెల్ తన చిప్‌సెట్‌లోనే (మదర్‌బోర్డుని నడిపే చిప్పుల్లోనే) యూఎస్‌బీ 3.0 ఇవ్వడం 2012లో 7 సిరీస్‌తో మొదలుపెట్టింది. ఆ తర్వాతి బోర్డుల్లో చాలావాటికి వెనక నీలం పోర్టులు ఉండనే ఉంటాయి. లోపల రెండు వరసల్లో 19 పిన్నుల హెడర్ (కేబుల్ గుచ్చే కనెక్టర్) ఖాళీగా పడి ఉండొచ్చు కూడా. అలాంటప్పుడు దానికి తగిలించే పోర్టుల బ్రాకెట్ ఒక్కటి తెచ్చుకుంటే చాలు. కొన్ని పాత బోర్డులకి వెనక ఈసాటా పోర్టు (బయటి డిస్క్‌ల కోసం ఉన్న మరో రకం పోర్టు) ఉంటుంది. డిస్క్ డబ్బాకీ అదే ఉంటే ఏమీ కొననక్కర్లేదు, పళ్లెం డిస్క్ దాని మీద హాయిగా నడుస్తుంది. కాకపోతే మామూలు ఈసాటా కరెంటు ఇవ్వదు, డబ్బాకి విడిగా అడాప్టర్ కావాలి.

కార్డు బిగించే భాగం నువ్వు రెండు వాక్యాల్లో తేల్చేశావు. సొంతంగా బిగించుకునేవాడు భయపడేది అక్కడే, అక్కడ నెమ్మదిగా నడువు. సిస్టమ్ ఆపాలి, పవర్ కేబుల్ పీకాలి, ఆ తర్వాత పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వాలి. ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోవడానికి, పెయింట్ లేని చోట క్యాబినెట్ ఇనుముని ముట్టుకోవాలి. స్లాట్ ఎదురుగా ఉన్న రేకు స్క్రూ విప్పి తీసి, కార్డుని అంచుల దగ్గర పట్టుకుని నిటారుగా నొక్కాలి. బంగారు రంగు పళ్లు స్లాట్‌లోకి పూర్తిగా దిగాలి. చిన్న స్లాట్‌ని గ్రాఫిక్స్ కార్డు కప్పేస్తే పెద్ద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పెట్టుకోవచ్చు. కార్డు మీద సాటా పవర్ కనెక్టర్ (డిస్క్‌లకి కరెంటిచ్చే రకం) ఉంటే ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే పెట్టె) నుంచి వైరు తప్పకుండా ఇమ్మను. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీయాంపుల దాకా ఇవ్వాలి, నాలుగింటికీ స్లాట్ కరెంటే దిక్కనుకుంటే డిస్క్ కాపీ మధ్యలో మాయమైపోవచ్చు. విండోస్ 7 వాడేవాళ్లకి డ్రైవర్ వేసుకోవాలి, విండోస్ 8 నుంచి చాలా కార్డులకి ఆ బాధ లేదు.

పేర్ల గందరగోళం గురించి పెద్దగా రాయకు. యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 మూడూ ఒకే 5 గిగాబిట్ల సరుకు అని చెప్పి ముందుకెళ్లు. టైప్ సీ అన్నది కనెక్టర్ ఆకారం మాత్రమే, దాన్ని చూసి వేగం అంచనా వేయొద్దని కూడా ఒక ముక్క కలుపు.

కేబుల్‌కి మాత్రం చోటు ఎక్కువివ్వు. చాలా పోర్టబుల్ డిస్క్‌లకి వెడల్పుగా, రెండు భాగాలుగా ఉండే సాకెట్ ఉంటుంది కదా, దాని పెద్ద సగంలో పాత ఫోన్ ఛార్జర్ కేబుల్ పిన్ను చక్కగా దూరుతుంది. డిస్క్ పనిచేస్తుంది కూడా, కానీ యూఎస్‌బీ 2.0 వేగంతో. కార్డు పెట్టి, డ్రైవర్ వేసి, ఆ కేబులే గుచ్చి 'ఏం తేడా లేదే' అనేవాళ్లకి నీ వ్యాసంలో జవాబు ఉండాలి. అలాగే ప్లగ్‌ని మరీ మెల్లగా తోస్తే ఒక్కోసారి 2.0 పిన్నులు ముందు తగిలి డిస్క్ ఆ వేగానికే సర్దుకుంటుంది. తీసి ఒక్క ఊపున గుచ్చితే సరిపోతుంది. ఇంకో సంగతి, యూఎస్‌బీ 3.0 పోర్టుల పక్కన వైర్‌లెస్ మౌస్ రిసీవర్ పెడితే మౌస్ తడబడొచ్చు. ఆ పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. రిసీవర్‌ని ముందువైపు పోర్టుకి మార్చమను.

ఇవన్నీ నా మాట మీద రాయకు. నీ సిస్టమ్‌లో ఒకే పెద్ద ఫైలు పాత పోర్టులో, కొత్త పోర్టులో కాపీ చేసి గడియారం పెట్టి చూడు. ఆ తర్వాత అదే సైజులో వేలకొద్దీ ఫొటోల ఫోల్డర్ కాపీ చెయ్యి, వేగం బాగా పడిపోతుంది. స్టూడియో వాళ్లు రోజూ చూసేది ఈ రెండో అంకెనే, అదీ రాయి. కాపీ చేసింది ఏ డిస్క్, ఏ స్లాట్, ఏ విండోస్ అన్నది అంకెల పక్కనే ఉండాలి.

యూఎస్‌బీ 3.0 కేబుల్, పాత ఛార్జర్ కేబుల్ రెండూ పక్కపక్కన పెట్టి దగ్గరగా ఒక ఫొటో తియ్యి, కేబుల్ పేరా కిందే వెయ్యి. తిరగరాశాక ముందు నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య