ఆక్సీమీటర్ (వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే మీటర్) ఒకసారి 96, ఇంకోసారి 89 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

పర్లాకిమిడి దగ్గరి పల్లెలో మీ నాన్నగారికి దగ్గు, ఆయాసం అన్నారు. ముందు ఆ మీటర్ పక్కన పెట్టి మనిషిని చూడండి. ఆయనకు చెప్పకుండా (చెబితే ఊపిరి తీరు మారిపోతుంది) పొట్ట లేచి దిగడం నిమిషం నిండా లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 25 దాటితే అనుమానించాలి, 30 అయితే ఇక ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. రెండు మాటలకోసారి ఆగుతున్నా, పడుకోలేక ముందుకు వంగి కూర్చుంటున్నా, మెడ కండరాలు బిగుస్తున్నా అంతే. మెదడుకు ఆక్సిజన్ చాలకపోతే చిరాకు, తికమక మాటలు, ఆపైన మగత. రాత్రంతా రొప్పిన మనిషి తెల్లారేసరికి నెమ్మదించి నిద్రపోతే సంతోషించకండి, లేపి పలకరించండి. సరిగ్గా పలకకపోతే ఊపిరి తీసే కండరాలు అలసిపోయాయన్నమాట.

నీలం రంగు కోసం ఎదురుచూడొద్దు. మన ఒంటి రంగుకు పెదవుల మీద తెలియదు, పగటి వెలుతురులో నాలుక, చిగుళ్లు చూడాలి. రక్తం తక్కువున్నవాళ్లలో అదీ బాగా ఆలస్యంగానే కనిపిస్తుంది.

ఇక మీటర్. నెయిల్ పాలిష్, గోరింటాకు, చల్లబడ్డ వేళ్లు, వణికే చెయ్యి, ఏదైనా లెక్క తప్పిస్తుంది. చెయ్యి రుద్ది వెచ్చబెట్టి, గుండె ఎత్తున ఆనించి, అంకె నిలకడగా ఉండేదాకా నిమిషం ఆగండి. మణికట్టు దగ్గర మీరు లెక్కపెట్టిన నాడి, మీటర్ చూపే నాడి కలవకపోతే ఆ 96నీ నమ్మొద్దు, 89నీ నమ్మొద్దు. నల్లని చర్మం మీద ఇవి కాస్త ఎక్కువే చూపిస్తుంటాయి. చలికి తలుపులు బిగించి కుంపటి పెట్టుకునే ఇళ్లలో మరో మోసం ఉంది: బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పట్టినా మీటర్ హాయిగా 98 అంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు ఉంటే వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సరిగ్గా కొలిచాక 95 గానీ ఆపైన గానీ ఉంటే మీటర్ వరకు ఫర్వాలేదు. 91 నుంచి 94 అయితే ఆ రోజే డాక్టరు చూడాలి. 90కి దిగితే 108. ఏళ్ల తరబడి చుట్ట, బీడీ తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు డాక్టర్లు 88–92 చాలనుకుంటారు. అలాంటివాళ్లకు సొంతంగా సిలిండర్ తెచ్చి జోరుగా ఆక్సిజన్ పెడితే మగతలోకి జారిపోవచ్చు.

బండి వచ్చేదాకా వెనక తలగడలు పెట్టి కూర్చోబెట్టండి, వెల్లకిలా వద్దు. మగతగా ఉంటే నీళ్లు, జావ పట్టొద్దు. బండిలో సిలిండర్ నిండుగా ఉందో లేదో ఎక్కించకముందే అడగండి. నేరుగా బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి బయల్దేరొద్దు. ముందు పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించి, ఊపిరి కుదుటపడ్డాక అక్కడివాళ్లు పంపితే వెళ్లండి.