ప్లాన్ మీద చేతి అక్షరాలు నేర్చుకోవాలంటే ముందు అంకెలు దిద్దండి

ఆర్కిటెక్చర్ మొదటి ఏడాదిలో ఉన్నానని, షీట్ల మీద అక్షరాలు కుదరక మార్కులు పోతున్నాయని, అసలు కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ఉండగా చేత్తో రాయడం ఎందుకని అడిగారు. నేను హనుమకొండలో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి, ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నాను. నా జవాబు ఒకటే. ఎ నుంచి జెడ్ దాకా దిద్దడం ఆపేసి, సున్నా నుంచి తొమ్మిది దాకా మొదలుపెట్టండి. అక్షరం కాస్త వంకరపోతే గది పేరు ఎలాగోలా అర్థమవుతుంది. అంకె వంకరపోతే గోడ జరుగుతుంది.

ఇది ఊరికే అనడం లేదు. నేను ఆ పెద్దాయన, అంటే మా సారు దగ్గర చేరిన కొత్తలో హసన్‌పర్తి వైపు ఒక ఇంటికి పునాది ముగ్గు పోస్తుంటే ఇద్దరం వెళ్లాం. ప్లాన్ మాది కాదు, వేరే చోట గీయించుకున్నది. ఇంటాయన చేతిలో ఉన్నది జిరాక్స్‌కి జిరాక్స్. తూర్పు నుంచి పడమరకు మూడు గదులు, నాలుగు తొమ్మిది అంగుళాల గోడలు, మొత్తం 32 అడుగులు. సుతారి మేస్త్రి టేపు పట్టి ఒక్కో గది కొలుచుకుంటూ దారం కడుతూ వచ్చాడు. చివరి గోడ దగ్గర ఆగిపోయాడు. "సారూ, అయిదు ఇంచులు ఎక్కువొస్తంది, జర సూడుండ్రి" అన్నాడు. మళ్లీ కొలిచారు, మళ్లీ అంతే. పక్కింటి ప్రహరీ వైపు వదలాల్సిన అయిదు అడుగుల్లో ఆ అయిదు అంగుళాలు పోతున్నాయి.

సారు కాగితం తీసుకుని ఎండకు పట్టి చూశారు. నడిమి గది 8 అడుగుల 3 అంగుళాలు. ఆ గీసినాయన మూడు అంకె కొసలు రెండూ లోపలికి తిప్పి గుండ్రంగా రాశాడు. జిరాక్స్‌లో కొసలు పోయి నడుముకు అతుక్కున్నాయి. మేస్త్రి దాన్ని ఎనిమిది అంగుళాలని చదివాడు. ఆయన తప్పు ఇసుమంతైనా లేదు, నేను చూసినా ఎనిమిదనే అంటాను. గడ్డపార ఇంకా పడలేదు కాబట్టి ముగ్గు చెరిపి మళ్లీ పోశారు.

ఆ తర్వాత జరిగిందే నాకు చదువు. సారు ఇసుక కుప్ప మీద కూర్చుని, కాగితం వెనక్కి తిప్పి నా చేతికి పెన్సిల్ ఇచ్చారు. "రాయి బిడ్డా, మూడు, అయిదు, ఆరు, ఎనిమిది, ఏ వరసలనన్న రాయి" అన్నారు. రాశాక కాగితాన్ని మేస్త్రికి ఇచ్చి, చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని పైకి చదవమన్నారు. ఆయన తడబడిన ప్రతి అంకె మీదా గీత కొట్టారు. నా అయిదుల్లో సగం పోయాయి, ఆరులన్నీ పోయాయి. సారు నన్ను ఒక్క మాట అనలేదు. మేస్త్రి చదవలేకపోయిన అంకెను మళ్లీ మళ్లీ రాయించారు, అంతే. మీ కాలేజీలో మార్కులు వేసే వాళ్లు ఎవరైనా ఒక్కసారి మీ షీటును సుతారి చేతికి ఇచ్చి చదివించారా? నాకు తెలిసి ఇవ్వరు. షీటు గోడకు అంటిస్తే అందంగా ఉందా లేదా అన్నదే చూస్తారు.

ఇప్పుడు అంకెల సంగతి. మూడు నోరు బాగా తెరిచి ఉండాలి, కింది పొట్ట పై పొట్ట కంటే కాస్త పెద్దది. పైన అడ్డగీత కొట్టి మూడు రాసే అలవాటు ఉంటే మానుకోండి, అది అయిదులా కనిపిస్తుంది. ఎనిమిదిలో పై సున్న చిన్నది, కింది సున్న పెద్దది, రెండూ పూర్తిగా మూసుకోవాలి. ఆరు, తొమ్మిదుల తోకలు లోపలికి చుట్టవద్దు, బయటికి వదిలేయండి. ఒకటి ఒట్టి నిలువు గీత, దానికి ముక్కూ కాళ్లూ వద్దు. నాలుగున్నర అంగుళాల గోడ అని రాసేటప్పుడు అర భాగంలో ఒకటికీ రెండుకూ మధ్య గీత పడుకునే ఉండాలి. ఏటవాలుగా గీస్తే జిరాక్స్‌లో దాన్నీ ఒకటి అనుకుంటారు.

గీతలు లేకుండా ఎప్పుడూ రాయకండి. 2హెచ్ లేదా 4హెచ్ పెన్సిల్‌తో కనిపించీ కనిపించనట్టు పైన ఒకటి, కింద ఒకటి. అక్షరం హెచ్‌బీతో గానీ హెచ్‌తో గానీ. నాలుగైదు అక్షరాలకు ఒకసారి పెన్సిల్‌ను వేళ్ల మధ్య తిప్పితే మొన ఒక పక్కే అరగదు, గీత మందం మారదు. ప్రతి గీత మొదట్లోనూ చివర్లోనూ కొంచెం నొక్కి ఆపండి, మధ్యలో తేలిగ్గా లాగండి. చూడగానే ప్లాన్ అక్షరం అనిపించేది ఆ కొసల వల్లే. నిలువు గీతలకు చిన్న సెట్ స్క్వేర్ ఆనించుకునే వాళ్లున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ మొదట్లో వద్దు, చెయ్యి కుదిరాక పట్టుకోండి.

ఎత్తు విషయంలో పుస్తకంలో ఉన్నది గుడ్డిగా పాటిస్తున్నారు. ఐఎస్ 9609 అనే భారతీయ ప్రమాణం ప్రకారం అక్షరం ఎత్తులు 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మిల్లీమీటర్లు. ఒక్కోటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు. కాగితం సైజులు కూడా ఏ4 నుంచి ఏ3, ఏ3 నుంచి ఏ2 అదే లెక్కన పెరుగుతాయి కాబట్టి, షీటును ఒక సైజు తగ్గించి తీస్తే అక్షరం కూడా సరిగ్గా ఒక మెట్టు దిగుతుంది. చక్కటి ఏర్పాటు. అయితే సైటుకు వెళ్లేది మీ ఏ1 షీటు కాదు, జేబులో మడిచి పెట్టుకోవడానికి తీయించుకున్న ఏ3 జిరాక్స్. అక్కడ అంతా సగమవుతుంది. మీరు 3.5లో రాసిన కొలత రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందుకే ఏ1 మీద కొలతలు 5కి తగ్గకుండా రాయమంటాను. షీటు నిండిపోయినట్టు కనిపిస్తుందని మీ సార్లు అంటారు. అననివ్వండి.

అక్షరాల మధ్య ఖాళీ స్కేలు పెట్టి కొలిచేది కాదు, కంటితో సరిచూసుకునేది. పక్కపక్కన నిలువు గీతలు వచ్చే ఐ, ఎన్, హెచ్ లాంటి చోట కొంచెం ఎడం ఇవ్వాలి. ఎల్ పక్కన టీ, ఏ పక్కన వీ వస్తే దగ్గరికి లాగాలి. ఇది అక్షరమాల దిద్దితే రాదు, మాటలు రాస్తేనే వస్తుంది. కిచెన్, టాయిలెట్, స్టెయిర్‌కేస్, ఈ మూడూ రాస్తూ ఉండండి చాలు. వరుస అంటే ఏంటో చూడాలంటే వేయిస్తంభాల గుడికి వెళ్లి రుద్రదేవుడి శాసనం ముందు కాసేపు నిలబడండి. 1163 నాటిది, భాష చాలావరకు సంస్కృతం, లిపి మన తెలుగు-కన్నడ లిపి. రాతి మీద ఉలితో చెక్కిన అక్షరం అంత కుదురుగా వస్తే, కాగితం మీద పెన్సిల్‌తో మనకెందుకు రాదు?

ఇక ఆటోక్యాడ్ ఉండగా ఎందుకు అన్న మాట. ఆటోక్యాడ్‌లోనే సిటీ బ్లూప్రింట్ అని చేతిరాతలా కనిపించే ఫాంట్ ఉంది, అది పెట్టి ప్రింట్ తీసి మురిసిపోయే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చేతిరాత వంపులు అరువు తెచ్చుకుని ఏం లాభం, సైటులో నిలబడి గోడ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ ఫాంట్ వచ్చి రాస్తుందా? 2020లో తెలంగాణలో ఇళ్ల అనుమతుల చట్టం టీఎస్-బీపాస్ వచ్చాక అనుమతులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి, నిజమే. అదే చట్టంలో 75 గజాల లోపు స్థలంలో కట్టే చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. అలాంటి ఇళ్లకు చాలాసార్లు మేస్త్రి చేతిలో ఉండేది ఎవరో చేత్తో గీసిచ్చిన ఒక్క కాగితమే. ఇల్లంతా ఆ కాగితం మీద రాసిన అంకెల్ని బట్టే లేస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ప్లాన్ల మీద తెలుగు రాయడం మనకు ఎవరూ నేర్పడం లేదు. కిటికీకి డబ్ల్యూ, దర్వాజకు డి అని మేస్త్రులు గుర్తుపడతారు గానీ, పక్కన ఇంగ్లీషులో రాసిన నోట్ చాలామంది చదవరు, మనం చెప్పింది విని గుర్తుపెట్టుకుంటారు. నేను ఇంటాయనకూ మేస్త్రికీ ఇచ్చే కాపీలో అన్నీ తెలుగులోనే రాస్తాను. దీనికి రెండు గీతలు చాలవు, నాలుగు కావాలి. మధ్య గడిలో అక్షరం, పైన గుడికీ ఏత్వానికీ సగం గడి, కింద వత్తుకు సగం గడి. 5 మిల్లీమీటర్ల అక్షరానికి మొత్తం 10 మిల్లీమీటర్లు పోతాయని ముందే లెక్కేసుకోండి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. వ, ప రాసేటప్పుడు మరీ జాగ్రత్త. వ తలకట్టు అక్షరానికి అతుక్కుని ఉంటుంది, ప తలకట్టు విడిగా ఉంటుంది. ఆ సందు కనీసం అర మిల్లీమీటరు వదలకపోతే జిరాక్స్‌లో పడకగది కాస్తా వడకగది అవుతుంది. భ, ధ లాంటి ఒత్తక్షరాల కింద గీత, థ పొట్టలో చుక్క కూడా అంతే, కావాలని కొంచెం పెద్దగా పెట్టండి.